విప్పిన పటం

ధర్మపురి,
14 జూన్ 2025

చిరంజీవి హిమజకు,

నరసింహస్వామి నీడలో కూర్చుని పెద్దబాపు రాస్తున్నాడు. నీకూ, మీ అమ్మ సుమిత్రకూ ఆ స్వామి తోడుండుగాక.

ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి పంపొచ్చు కదా అంటావు. ఆ గాజుబిళ్ల మీద అక్షరాలు పొడవడం నాకు చేతకాదు. రాంగోపాల్‌పేట్ చౌరస్తాలో ముప్పై ఏళ్లు నిలబడి గొంతెత్తినవాణ్ణి, ఇప్పుడు బొటనవేలితో ప్రవచనం చెప్పమంటే చెప్పను. డాక్టర్లు గొంతు తీసేశారు గానీ చెయ్యి తీయలేదు. రాస్తాను.

ఇక్కడ సత్రంలో ఒక వింత జరుగుతోంది. నా మెడకు చుట్టిన తెల్లగుడ్డ చూసి, నేను పెదవి విప్పకపోవడం చూసి, యాత్రికులు నన్ను మౌనవ్రతం పట్టిన స్వామి అనుకుంటున్నారు. నిన్న జగిత్యాల నుంచి వచ్చిన ఒకామె నా కాళ్లకు మొక్కి రెండు అరటిపళ్లు పెట్టింది. "చూడుండ్రి, మొఖంల ఎంత శాంతమున్నదో" అని పక్కనున్న పెనిమిటితో అంది. శాంతమట! లోపల నిప్పులు కురుస్తున్నాయి బిడ్డా. లేచి అరుద్దామనుకుంటే మెడలోని రంధ్రం నుంచి గాలి ఈలవేసింది. అది కూడా మహిమే అనుకుని ఆ తల్లి మళ్లీ మొక్కింది.

జన్మలో బీడీ ముట్టలేదు. ముట్టినవాళ్లను నడి చౌరస్తాలో పేరుపెట్టి పిలిచి కడిగాను. చివరికి ఈ రోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ముసలోడు చాటుకు తాగిండేమో" అని మన గల్లీలో అనుకుంటున్నారని విన్నాను. అనుకోనీ. ప్రహ్లాదుణ్ణి ఏనుగుల కాళ్ల కింద పడేసిన రోజున కూడా ఊరు పక్కన నిలబడి ఏదో ఒకటి అనే ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. ఇనప్పెట్టెలో ఉన్న ప్రహ్లాదుడి కథ పటం తీసుకుని శ్రావణ పౌర్ణమి లోపల ఇక్కడికి రా. దాన్ని గోదావరికి ఇచ్చేయాలి.

నీకు తెలిసిందే అయినా పద్ధతి మళ్లీ చెబుతాను. బట్టకు చింతగింజల గంజి, సుద్ద పట్టించి, గడి తర్వాత గడి నేనే గీసుకున్న బొమ్మలవి. గీయడం నాకు ఎవరూ నేర్పలేదు. రైల్వే వర్క్‌షాపులో బోగీల మీద అంకెలు రాసిన చేతితోనే దేవుణ్ణి రాశాను. పద్ధతి మాత్రం నా చిన్నప్పుడు మన గల్లీకి వచ్చి పటం కథ చెప్పిన పెద్దల దగ్గర చూసి పట్టుకున్నాను. పటం విప్పితే కథ చెప్పాలి. కథ చివరిదాకా నడిస్తేనే చుట్టాలి. ఊ కొట్టేవాళ్లు లేకుండా ఒక గడి దాటి మరో గడికి పోకూడదు. చెప్పే నోరు పోయిన పటాన్ని గోడకు వేలాడదీయకూడదు, మూలకు పడేయకూడదు. మనిషికి చేసినట్టు చేసి నీళ్లలో కలపాలి.

చెప్పే నోరు పోయింది. ఇంకేం మిగిలింది?

చిన్నప్పుడు నా కాళ్ల దగ్గర కూర్చుని నువ్వే ఊ కొట్టేదానివి. కాలేజీలో చేరాక స్నేహితులు నవ్వుతారని మానేశావు. దానికి అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనను. పటం తెచ్చి ఇయ్యి, చాలు.

పెట్టెలో వేపాకు పాతబడి ఉంటుంది. మార్చు.

ఈలవేసే మీ పెద్దబాపు,
పర్వతాలు

*

రాంగోపాల్‌పేట్,
25 జూన్ 2025

పెద్దబాపూ, దండాలు.

నీ ఉత్తరం అమ్మకు పైకి చదివి వినిపించాను. చదువుతుంటే నాకు తెలియకుండానే నా గొంతు పెద్దదైపోయినట్టుంది. పక్కింటి స్వర్ణలత ఆంటీ కిటికీలోంచి తొంగిచూసి, "ఏందమ్మా, పర్వతాలన్న వచ్చిండా? జెర చెప్పొద్దా!" అంది. నువ్వు లేక గల్లీ చప్పబడిందని కూడా అంది. నువ్వున్నప్పుడు ఆ కిటికీ మూసుకునేది కదా అని నేను అనలేదు.

బోనాలకు గల్లీ అంతా దీపాల తోరణాలు కడుతున్నారు. మా షాపులో ఊపిరాడనంత పని. అన్నీ ఫ్లెక్సీలే. నిన్న ఒకాయన వచ్చి తన ఫొటో ఇంకా పెద్దది చేయమన్నాడు. "అమ్మవారికి జాగ ఉండదు సార్" అన్నాను. "అమ్మోరు అందరికి ఎరకే, నన్ను గుర్తువట్టాలె గదా" అన్నాడు. నువ్వు ఉంటే ఆ మాట మీద చౌరస్తాలో వారం రోజులు చెప్పేవాడివి.

ఇంకో సంగతి. సైనిక్‌పురిలో కొత్తగా సమకాలీన కళా మ్యూజియం ఒకటి తెరిచారు. ఈ ప్రాంతంలో బొమ్మలు వేసేవాళ్లు, శిల్పాలు చెక్కేవాళ్లు ఎవరైనా పంపుకోవచ్చట. జ్యూరీ కూర్చుని ఏరి, ప్రదర్శనకు పెడుతుందట. చివరలో ఒక బహుమతి కూడా. వాళ్ల బ్యానర్ మా దగ్గరే ప్రింట్ అయింది. అంచులు కత్తిరిస్తున్నప్పుడు నా మనసులో ఒక ఆలోచన పడింది. మొన్న ఒకటి పంపాను. ఏమిటని అడగకు. ఎంపికైతే నేనే చెబుతాను.

పటం క్షేమంగా ఉంది. వేపాకు మార్చాను. పౌర్ణమి లోపల అన్నావు, చూస్తాను. మెడ దగ్గర తడి తగలనీయకు, డాక్టర్ మరీ మరీ చెప్పాడు.

నీ బిడ్డ,
హిమజ

*

ధర్మపురి,
3 జులై 2025

బిడ్డా హిమజా,

శుభం! పంపావు, మంచి పని చేశావు. ఎవడి ముఖాన్నో పెంచుతూ, ఎవడి మెడలోనో దండ తగిలిస్తూ నీ చెయ్యి అరిగిపోతోందని నేను లోలోపల కుమిలేవాణ్ణి. నీ సొంత చేతిపని నలుగురి ముందుకు వెళ్తోందని నరసింహుడి గుడిలో నీ పేరున దీపం పెట్టించాను. ఏం వేశావో అడగను. అడగొద్దన్నావు.

అయితే ఆ తీర్పరుల ముందు తల వంచకు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. "నీ హరి ఎక్కడున్నాడో చూపించు, చూసి చెబుతా" అని స్తంభం ముందు నిలబడి అడిగినవాడే లోకంలో మొదటి తీర్పరి. చూపించాక వాడికి ఏమైందో నీకు తెలుసు! వాళ్లు మెచ్చితే పొంగకు, వద్దంటే కుంగకు. వేసినవాడి పని వేయడంతో అయిపోయింది. మిగిలింది పైవాడి పద్దు.

ఈ సంబరంలో పటం సంగతి మరవకు. దాన్ని ఎండలో ఆరబెట్టాలని గానీ, చెదలు పట్టిందేమో చూడాలని గానీ విప్పేవు! చుట్టి ఉన్నది ఉన్నట్టే తీసుకురా. సత్రం వెనక మెట్ల దగ్గర చోటు కూడా చూసి పెట్టాను. నీళ్లు అక్కడ నిదానంగా పోతాయి.

అరటిపళ్లామె మళ్లీ వచ్చింది. ఈసారి చెల్లెలిని కూడా తెచ్చింది.

గర్వంతో,
పర్వతాలు

*

రాంగోపాల్‌పేట్,
16 జులై 2025

పెద్దబాపూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు నా పేరున దీపం పెట్టించానని రాశావు. ఆ దీపం తీసేయించు.

నేను పంపింది నా బొమ్మ కాదు. నీ పటం.

ఎంపికైంది. రాసింది పర్వతాలు అని నీ పేరే ఇచ్చాను. మ్యూజియంలో పెద్ద గది చివరి గోడకు పైనుంచి కిందిదాకా వేలాడదీసి, మిగతాది నేల మీద వేసిన తెల్లటి బల్ల మీదికి జార్చారు. మొదటి సింహాసనం నుంచి చివర స్వామి ఒడిలోని పిల్లవాడిదాకా ఒకేసారి కనబడుతోంది. నేను కూడా అట్లా ఎప్పుడూ చూడలేదు. నువ్వు ఎప్పుడూ ఒక్కో గడే విప్పేవాడివి కదా. దూరంగా నిలబడి చూస్తే, ఏనుగుల గడిలో పిల్లవాడికి వేసిన పసుపే చివరి గడిలో స్వామి చేతికి కూడా వేశావని తెలిసింది. ముప్పై ఏళ్లు చౌరస్తాలో చూసినవాళ్లెవరూ అది చూసి ఉండరు.

వాళ్లకు పంపడానికి ఫొటో కావాల్సి వచ్చింది. డాబా మీద మొత్తం విప్పి తీశాను. కథ చెప్పలేదు. నీకు తెలిస్తే ఏమంటావో తెలిసే చేశాను.

ఎందుకు చేశావంటే ఒక్కటే జవాబు. గోదావరికి ఇచ్చేయమని నువ్వు రాసిన రోజు నాకు అన్నం దిగలేదు. నీ గొంతు పోయింది. మాట్లాడకుండా ఇంట్లోంచి వెళ్లిపోయావు. ఇప్పుడు బొమ్మలు కూడా నీళ్లలో కలిస్తే నువ్వు ఉన్నావని చెప్పడానికి ఈ ఇంట్లో ఏముంది? ఒక ఇనప్పెట్టె, అందులో వేపాకు.

ఆగస్టు ఎనిమిదిన జ్యూరీ మళ్లీ వచ్చి బహుమతి చెబుతుందట. తర్వాతి రోజే పౌర్ణమి.

లష్కర్ బోనాలు మొన్న అయిపోయాయి. అమ్మ నీ పేరు మీద కూడా బోనం ఎత్తింది.

కోపపడు. కానీ జవాబు రాయి.

హిమజ

*

ధర్మపురి,
21 జులై 2025

హిమజా!

చుట్టు దాన్ని. ఈ ఉత్తరం అందిన పూటే చుట్టు.

నువ్వు అమ్మితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. చింపినా పడేవాణ్ణి కాదు. నువ్వు విప్పావు! విప్పి ఊరుకున్నావు! పటం అంటే గోడగుడ్డ అనుకున్నావా? అది తలుపు. తలుపు తెరిచి, లోపలివాళ్లను గడప మీద నిలబెట్టి, నువ్వు షాపుకు వెళ్లిపోయావు.

కొండ మీది నుంచి తోసేశారు ఆ పిల్లవాణ్ణి. వాడింకా గాలిలోనే ఉన్నాడు. ఎవరు పట్టుకోవాలి? ఏనుగు కాలెత్తి ఉంది. ఎవరు దాన్ని మోకరిల్లజేయాలి? మంటల గడి చూశావా? పసుపు చూశానన్నావు, మంట చూశావా? కథ చెప్పేవాడు ఆ గడి దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆగడు. ఆగితే పిల్లవాడు కాలతాడు! నేను దగ్గు వచ్చినా మింగి, ఆ గడి దాటాకే దగ్గేవాణ్ణి. నువ్వు వాణ్ణి ఆ మంటలో నిలబెట్టి నెల కావస్తోంది. స్తంభం పగిలింది, స్వామి గోళ్లెత్తాడు, దించమని చెప్పే మాట లేదు. ఆ ఉగ్రాన్ని గదిలో తెరిచిపెట్టి, దీపాలార్పి, తాళం వేసుకుని ఇళ్లకు పోతున్నారు మీరు! మీకు నిద్ర ఎట్లా పడుతోంది?

చూడడానికి వచ్చినవాళ్లారా, మీరెవరైనా సరే వినండి. చూడడం సగం పని. బొమ్మ చూసి బాగుందనడం ఎవడైనా చేస్తాడు. అందులో ఒకడు కాలుతున్నాడు, వాడి కోసం మీరు ఏం చేశారు?

చుట్టడానికి పద్ధతి ఉంది. ఉత్తినే చుట్టకూడదు. విప్పిన పటాన్ని కథ చివరికి తెచ్చాకే చుట్టాలి. తడబడినా పరవాలేదు, ఎవరైనా ముందు నిలబడి చెప్పాలి, ఒకరు ఊ కొట్టాలి, పిల్లవాడు ఒడికి చేరాలి. తర్వాత చుట్టు. నేను పెట్టిన నియమం కాదిది. నేనే వచ్చినా ఇది దాటలేను.

బహుమతి మాట నా దగ్గర ఎత్తకు.

పర్వతాలు

*

రాంగోపాల్‌పేట్,
31 జులై 2025

పెద్దబాపూ,

నీ ఉత్తరం అందిన పూటే సైనిక్‌పురికి పరుగెత్తాను. మ్యూజియం బాధ్యతలు చూసే నీహారిక గారికి అది చదవమని ఇచ్చి, "పటం చుట్టాలి మేడం, మా పెద్దబాపు చాలా పరేషాన్ అవుతున్నడు" అన్నాను. ఆవిడది కాకినాడ వైపు, మెత్తగా మాట్లాడే మనిషి. నిలబడే చదివారు. చదివి కళ్లు తుడుచుకున్నారు. "ఇది నా దగ్గర రెండు రోజులు ఉంచండమ్మా, పెద్దవాళ్లతో మాట్లాడి చెబుతాను" అన్నారు. చుడతారనుకుని ఇచ్చేశాను.

మూడో రోజు వెళ్లి చూస్తే పటం అలాగే ఉంది. దాని పక్కన అద్దం వెనక నీ ఉత్తరం ఉంది.

నేను పెట్టమనలేదు పెద్దబాపూ. "ఏవండీ, ఇదీ ఆ కళలో భాగమేనండీ. ఇది చదివాక బొమ్మ చూస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది" అంటారావిడ. ప్రదర్శన అయ్యేదాకా ఎవరూ వస్తువును ముట్టుకోకూడదని వాళ్ల నియమమట. నీ నియమం ఒకటి, వాళ్ల నియమం ఒకటి, మధ్యలో నేను.

కానీ ఒకటి చెప్పాలి. వచ్చే పిల్లల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు. ద్వారం దగ్గర ఉండే అబ్రహాం అంకుల్‌ను చదవమని అడుగుతున్నారు. ఆయన మారేడ్‌పల్లిలో చర్చిలో బైబిలు వాక్యం చదివే మనిషి. లేచి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, నీ ఉత్తరం చదువుతాడు. "మీరు ఏం చేశారు?" అన్న చోట ఆ గది మూలమూలకూ వినిపిస్తుంది. నిన్న ఒక కాలేజీ అమ్మాయి వింటూ వింటూ ఫోను కిందికి దించేసింది. నీ మాటలు ఆ గోడ మీద ఉన్నాయి, జనం వింటున్నారు. నీకు సంతోషం కలుగుతుందేమోనని రాస్తున్నాను.

కథ చెబుదామని నేనూ ప్రయత్నించాను. అందరూ వెళ్లాక పటం ముందు నిలబడ్డాను. రాజు గడి చెప్పాను, బడి గడి సగం చెప్పాను. అక్కడే ఆపి బయటికి వచ్చేశాను. నీలాగా నాకు రాదు. అబ్రహాం అంకుల్‌ను అడిగితే, "నేను చెప్తనమ్మా, నాకేం తక్లీఫ్ లేదు. కని మీ దేవుని కథ నేను జెప్తే మీ పెద్దబాపు ఇంకో ఉత్తరం రాస్తడు గావచ్చు" అన్నాడు.

ఎనిమిదో తేదీ పొద్దున పదకొండింటికి జ్యూరీ వస్తోంది. ఏం చేయమంటావు?

హిమజ

*

ధర్మపురి,
4 ఆగస్టు 2025

హిమజకు,

ఇంట్లో బిడ్డకు రాసిన కోపాన్ని అద్దంలో పెట్టి ఊరికి చూపించారన్నమాట. మంచిది. గొంతు కోసింది డాక్టర్లని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఎనిమిదిన వస్తున్నాను. పటం తీసుకుని అదే రోజు తిరుగుతాను. పౌర్ణమి తెల్లవారేసరికి అది గోదావరిలో ఉంటుంది. నువ్వు రావద్దు.

పర్వతాలు

*

రాంగోపాల్‌పేట్,
12 ఆగస్టు 2025

పెద్దబాపూ,

నువ్వు రావద్దన్నావు, నేను వచ్చాను. జరిగింది నీకు తెలుసు. కానీ కథ చెప్పేటప్పుడు నీ ముఖం పటం వైపు ఉంటుంది, నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. అది రాస్తాను.

నువ్వు తడిసిన గొడుగుతో లోపలికి వచ్చినప్పుడు జ్యూరీ ముగ్గురూ అక్కడే ఉన్నారు. నువ్వు ఎవరినీ చూడలేదు. నేరుగా వెళ్లి పటం వేలాడే కర్రకు రెండు చేతులూ ఎత్తావు. ఎత్తి, ఆగిపోయావు. నీహారిక గారు నీకు కళ్లు తిరిగాయనుకుని కుర్చీ తెమ్మన్నారు. నాకు మాత్రం తెలుసు ఎందుకు ఆగావో. పటం విప్పి ఉంది. చెప్పకుండా చుట్టకూడదు. చుట్టాలని వచ్చినవాడివి నీ మాటకు నువ్వే దొరికిపోయావు.

జ్యూరీలో పెద్దాయన, రామభద్రరావు గారు, "ఈయనేనా వేసింది? రెండు మాటలు చెప్పమనండి" అన్నారు. "ఆయన మాట్లాడలేరండీ" అని నీహారిక గారు చెవిలో చెప్పారు.

నువ్వు గొడుగు ముడిచి, దాని మొనను మొదటి గడి మీద ఆనించావు. నీ భుజాలు లేచాయి. నీ దవడ కదలడం పక్కనుంచి కనబడింది. చౌరస్తాలో నిలబడినట్టే నిలబడ్డావు, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని. శబ్దం మాత్రం లేదు. మొదటి గడి అయిపోయింది. నువ్వు మెడ కాస్త పక్కకు తిప్పి ఆగావు.

ఎవరికీ అర్థం కాలేదు. ఒకబ్బాయి అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టబోయాడు. నువ్వు అలాగే ఉన్నావు. గొడుగు మొన మొదటి గడి మీదే ఉంది.

నీకు నిజం చెప్పాలి. నాకు సిగ్గేసింది. ఆ అద్దాల గదిలో, ఇంగ్లిష్ మాట్లాడే అంతమంది మధ్య, నోరు తెరవడానికి. కాలేజీలో చేరినప్పుడు వేసిన సిగ్గే, ఏమీ మారలేదు. మంటల గడికి ఇంకా ఎంతో దూరముంది, నువ్వు మొదటి గడి దగ్గరే నిలబడిపోయావు.

"ఊ" అన్నాను.

చిన్నగానే వచ్చింది. గొడుగు రెండో గడికి జరిగింది.

తర్వాత నాకు గది కనిపించలేదు. కొండ దగ్గర ఊ. ఏనుగు దగ్గర ఊ. నీ పెదవులు నాకు కనిపించవు, అయినా ఎక్కడ ఆగుతావో నా ఒంటికి తెలుసు. మంటల దగ్గర నువ్వు ఆగలేదు. నీ మెడలోంచి ఈల వస్తూనే ఉంది, నువ్వు ఆగలేదు. నేనూ ఊపిరి తీసుకోకుండా కొట్టాను. స్తంభం దగ్గర నా వెనకనుంచి ఇంకో గొంతు కలిసింది. అబ్రహాం అంకుల్. టోపీ చంకలో ఉంది. ఒడి దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎవరెవరో అన్నారు. నీహారిక గారు కూడా అన్నారు. నువ్వు తిరిగి చూడలేదు కాబట్టి చెబుతున్నాను.

నువ్వు పటం దించి చుట్టుతుంటే ఎవరూ అడ్డం రాలేదు. వాళ్ల నియమం ఎటుపోయిందో. చుట్టి నా చేతుల్లో పెట్టావు. తీసుకుపోవడానికి నేను గుడ్డసంచి వెతికి తెచ్చేలోపల నువ్వు లేవు. "జేబీఎస్‌కు బస్సెక్కనీకి పోయిండమ్మా, ఆటో నేనే ఎక్కించిన. ఏడుస్తుండె. నేనేం అడగలే" అన్నాడు అబ్రహాం అంకుల్.

బహుమతి వరంగల్ నుంచి వచ్చిన ఒకాయనకు వచ్చింది. ఇనపతుక్కుతో ఎద్దును చేశాడు, బాగుంది. రామభద్రరావు గారు వెళ్లేముందు నన్ను పిలిచి, "అంతటా ఆగాడు, ఆ మంట దగ్గర ఎందుకు ఆగలేదమ్మా?" అని అడిగారు. అద్దంలో ఉన్న నీ ఉత్తరం చూపించాను. చదువుతూ నిలబడిపోయారు. ఆ ఉత్తరం మర్నాడు తీసి నాకు ఇచ్చేశారు. నిన్ను క్షమించమని అడగమన్నారు నీహారిక గారు. పటాన్ని మ్యూజియం శాశ్వతంగా ఉంచుకుంటుందట, నువ్వు ఒప్పుకుంటేనే.

పౌర్ణమి వెళ్లిపోయింది. పటం మళ్లీ ఇనప్పెట్టెలో ఉంది. ఎందుకు నా చేతుల్లో పెట్టి పోయావు? నేను మైలపరిచానని, గోదావరికి కూడా పనికిరాదని వదిలేశావా? అమ్మ అట్లా కాదంటోంది. నాకు తెలియడం లేదు.

హిమజ

*

ధర్మపురి,
18 ఆగస్టు 2025

చిరంజీవి హిమజకు,

మైల మాట ఇంకోసారి రాయకు. మంటలో తోసినా కాలనివాడి పటం, నీ చేతులు తగిలితే మైలపడుతుందా? శాస్త్రం చదువుకోనివాళ్ల భయాలవి.

పటాన్ని నేను మరిచిపోయి రాలేదు. వదిలేసి కూడా రాలేదు. తీసుకుని రావాలనే లేచాను. చుట్టడం అయ్యాక చేతుల్లో పట్టుకుని చూసుకుంటే, గోదావరికి ఇవ్వడానికి నాకు హక్కు లేదని తెలిసింది. పెద్దలు ఏమన్నారు? చెప్పే నోరు పోయిన పటాన్ని నీళ్లకు ఇమ్మన్నారు. నాకు ఒక్క నోరే తెలుసు, నాది. చౌరస్తాలో ముప్పై ఏళ్లు నా అరుపు నేనే విన్నాను. నా మాట జనాన్ని కదిలిస్తోందని, నా మాట కథను నడిపిస్తోందని మురిశాను. కరీంనగర్ దాటాక బస్సు కిటికీ మీద తల ఆనించి ఆలోచించాను. కథ ఎప్పుడైనా నా మాటతో కదిలిందా? నేను ఎంత అరిచినా మొదటి గడి దగ్గరే ఉండేది. నువ్వు ఊ అన్నాకే కదిలేది. నువ్వు రావడం మానేశాక అక్కడ ఎవరో ఒకరు అనేవారు, నేను పట్టించుకోలేదు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ అనకపోయేసరికి, గొంతు ఉన్నా లేకున్నా నేను అక్కడే చచ్చేవాణ్ణని తెలిసింది. నువ్వు అన్నావు. పిల్లవాడు మంట దాటాడు.

ఏడ్చానని అబ్రహాం చెప్పాడా? చెప్పనీ. నా ఉత్తరాన్ని వాక్యంలా నిలబడి చదివిన మనిషి, అతనితో నాకు దాపరికం లేదు. నేను మళ్లీ వచ్చినప్పుడు వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంటాను. అతను చదవాలి, నేను వినాలి. ఊ కొడతానో లేదో చూద్దాం, గాలి అయితే వస్తుంది.

నీహారికమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు. మ్యూజియానికి ఇప్పుడే ఏ మాటా ఇవ్వకు. కథ నడుస్తున్న పటం ఎవరికీ ఇవ్వకూడదు.

మొన్న డాక్టర్ దగ్గరికి జగిత్యాల వెళ్లాను. మెడలో మళ్లీ ఏదో గట్టిగా తగులుతోందన్నాడు. హైదరాబాద్ పొమ్మంటున్నాడు. మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు. స్వామి గోళ్లు ఎవరివైపు తిరిగినా ఆయనవే కదా, భయం లేదు. గోదావరి ఎక్కడికీ పోదు. పటం చివరి గడికి వచ్చాక దాని సంగతీ, నా సంగతీ ఒకసారే చూసుకుందాం.

అంతవరకు ఇట్లా చేద్దాం. నేను రాస్తాను, ఉత్తరానికి ఒక గడి. అది అందాక నువ్వు పెట్టె తెరిచి, ఆ ఒక్క గడి మాత్రమే విప్పి, చదివి, నీ జవాబు పంపు. అది వచ్చేదాకా నేను రెండోదానికి పోను. మంటల గడి వచ్చినప్పుడు మాత్రం తొందరగా పంపు, మీ పోస్టాఫీసుకు ఆ సంగతి తెలియదు.

మొదలుపెడుతున్నాను. కూర్చున్నావా?

అనగనగా ఒక రాజు. వాడి పేరు చెబితే దిక్కులు వణికేవి. గాలి వాడిని అడిగి వీచేది, నిప్పు వాడిని అడిగి మండేది. ఇంట్లో భార్య, కొలువులో మంత్రి, బడిలో గురువు, అందరూ వాడికి భయపడేవాళ్లే. భయపడనివాడు ఆ రాజ్యం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. వాడు రాజు ఒళ్లోనే కూర్చుని ఆడుకుంటున్నాడు.

పర్వతాలు

*

రాంగోపాల్‌పేట్,
23 ఆగస్టు 2025

పెద్దబాపూ,

ఊ.

హిమజ